కయ్యల్లో పంచమం

మునిరత్నానికి ఆ ఊళ్ళో పేరు లేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి అతను తిరుమలయ్య అల్లుడు, అంతే. పాలు పోసే చోట అదే పేరు, రేషను కొట్టులో అదే పేరు. సైకిలు చోరీ కాకుండా బార్ మీద పేరు రాయించుకుందామని తిరుత్తణికి తీసుకుపోతే, పెయింటరుకు మామ ముందే చెప్పి పెట్టినట్టున్నాడు, తిరుమలయ్య అని రాసిచ్చాడు. మునిరత్నం ఆ సైకిలు తొక్కుకుంటూ ఇంటికొచ్చాడు. ఏం చేస్తాడు మరి.

అత్తిమంజేరిపేటకు కోసెడు దూరంలో ఉన్న ఆ పల్లెకు అతను 1971లో ఇల్లటం వచ్చాడు. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడై వచ్చి, కొడుకులా ఆ ఇంట్లోనే ఉండిపోయి, మామ సేద్యం తన సేద్యంగా చేసేవాడిని అక్కడ ఇల్లటపు అల్లుడంటారు. పెద్దల ముందు ఒప్పందం జరుగుతుంది. వేరు కాపురం పెట్టకూడదు, వేరే పని చూసుకోకూడదు, మామ మాట దాటకూడదు. కాదని గడప దాటితే కట్టుబట్టలతో పోవాలి. వెంగల్ దగ్గర ముగ్గురన్నల వెనక పుట్టిన వాడికి ఇంతకంటే మంచి సంబంధం రాదని అందరూ అన్నారు. అందరూ అన్నారు గనుక అతనూ తల ఊపాడు. ఇరవై రెండేళ్ళ వాడికి తల ఊపడం ఎంతసేపు!

వచ్చేటప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక హార్మోనియం తెచ్చుకున్నాడు. మూడు స్థాయిల చిన్న పెట్టె అది. చచ్చిపోయిన మేనమామ ఇచ్చింది. తిరుమలయ్య దాన్ని చూసి, అది ఎద్దులకు మేత వేస్తుందా అని అడిగాడట. ఆ మాటకు ఆ రోజు నవ్వినవాళ్ళు తర్వాత పదేళ్ళు ఆ మాటే చెప్పుకుని నవ్వారు.

నిజానికి మునిరత్నం చేతిలో ఏదో ఉంది. మోటారు ఫుట్‌వాల్వు తోలు చీకిపోతే పాత టైరు ట్యూబు కోసి అమర్చేవాడు. విరిగిన గొడుగు కమ్మితో సైకిలు బ్రేకు నిలబెట్టేవాడు. తిరుత్తణిలో రేడియోలు బాగుచేసే ఒకాయన ఇతని చేతి వాటం చూసి తనతో కలిసి పనిచేయమని పిలిచాడు కూడా. మామ వద్దనలేదు, పెద్దల ఒప్పందం గుర్తు చేశాడు. రెండింటికీ తేడా లేదని మునిరత్నానికి తెలుసు. ఆ తర్వాత అతని ప్రపంచమంతా మోటారు కొట్టంలో ఇమిడిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజులు. మధ్యాహ్నం పన్నెండుకైనా రావచ్చు, నాలుగుకైనా రావచ్చు. వచ్చిన క్షణాన స్టార్టరు నొక్కాలి, ఒక కయ్య, అంటే మడి, నిండగానే గట్టులో నీళ్ళు పారే మడవ తిప్పి నీళ్ళు రెండో కయ్యకు మళ్ళించాలి. అందుకని ఒక మనిషి అక్కడే కూచోవాలి. ఆ మనిషి మునిరత్నం. నాలుగు గోడలు, ఒక బల్బు, గోడకు బల్లి. ఊపిరాడనట్టు ఉండేదని అతను కాంచనతో ఒకసారి అన్నాడు. కాంచన అతని పెళ్ళాం, తిరుమలయ్యకు ఒక్కగానొక్క కూతురు. మర్నాటి నుంచి ఆమె సద్ది తెచ్చినప్పుడు కాసేపు కూచుని పోయేది.

1982 చిత్తిర నెలలో ఊళ్ళో ధర్మరాజుల గుడి ముందు భారతం పెట్టారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. కథ చెప్పడానికి తిరువళ్ళూరు వైపు నుంచి ద్వారకనాథ్ భాగవతారు వచ్చాడు. ఆయన వెంట రావలసిన హార్మోనియం వాద్యగాడు బస్సు దిగుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఎవరో చెబితే భాగవతారు మోటారు కొట్టానికే వెతుక్కుంటూ వచ్చి, మునిరత్నం వాయిస్తుంటే గుమ్మంలో నిలబడి విన్నాడు. పది మధ్యాహ్నాలు తన పక్కన కూచోమన్నాడు. వెళ్ళబోతూ పేరడిగాడు. పదకొండేళ్ళలో ఆ ఊరి నేల మీద అతని పేరడిగిన మొదటి మనిషి ఆయనే.

మునిరత్నం మామను అడిగాడు. కరెంటు వచ్చే వేళకు మోటారు దగ్గర మనిషి ఉంటే, ఎక్కడైనా కూచోమన్నాడు తిరుమలయ్య. అంటే వద్దని. కానీ ఆ మాటను మునిరత్నం తిప్పి తిప్పి చూశాడు, ఆగిపోయిన గడియారాన్ని చూసినట్టు. మోటారు దగ్గర ఉండవలసింది మనిషేనా?

పచ్చ బొత్తాన్ని వెదురుపుల్లతో నొక్కి కట్టేస్తే కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. అది చాలామంది చేసేదే. కయ్య నిండిందని తెలియడం ఎలా? దానికి నాలుగు రోజులు ఆలోచించాడు. ఒక కిరసనాయిలు డబ్బా తీసుకుని, మూత మైనంతో గట్టిగా మూసి, దానికి రెండు బెజ్జాలు పెట్టాడు. ఒక దాంట్లో నీళ్ళు దిగే గొట్టం. రెండో దానికి హార్మోనియంలోంచి ఊడదీసిన ఇత్తడి రీడు. కయ్య చివర గుంత తీసి డబ్బాను దించాడు. కయ్య నిండి నీళ్ళు పొర్లి గొట్టంలో పడితే, డబ్బాలోని గాలి పోవడానికి వేరే దారి లేక రీడులోంచే పోవాలి. పోతూ పోతూ పలకాలి.

మొదటిసారి నీళ్ళు పోసినప్పుడు డబ్బా బర్రెదూడలా మూలిగింది. మైనం సరిచేసి మళ్ళీ పోశాడు. గాంధారం! మట్టిలోంచి నిఖార్సయిన గాంధారం. మునిరత్నం గట్టు మీద కూలబడి నవ్వాడు. పెళ్ళయ్యాక అతను అట్లా నవ్వడం కాంచన చూడలేదు.

మోటారు దగ్గర, నీళ్ళు మొదలయ్యాయని చెప్పే డబ్బాకు స, మొదటి కయ్యకు గ, రెండో కయ్యకు ప. మూడు రీడ్లూ పెట్టెలో చెయ్యి అరుదుగా పోయే కింది స్థాయిలోంచి తీశాడు. పొలం గుడికి ఆనుకునే ఉంది గనుక ఆ మాత్రం శబ్దం చాలు. ఏ స్వరం ఏమి చెబుతుందో కాంచనకు నేర్పాడు. ఆమె రెండు పూటల్లో పట్టేసింది.

మొదటి రోజు పందిట్లో కథ నడుస్తుండగా పొలంలోంచి స పలికింది. మునిరత్నం వేళ్ళు ఆగలేదు. కాసేపటికి గ వినబడగానే ఆడవాళ్ళలోంచి కాంచన లేచి, కొంగు బిగించి, మడవ తిప్పి వచ్చి మళ్ళీ తన చోట కూచుంది. భాగవతారు కథ ఆపకుండానే మునిరత్నం వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. ఆ మధ్యాహ్నం అతను పంజరంలోంచి బయటపడ్డ పక్షే. రెండో రోజూ అంతే.

మూడో రోజు కర్ణుడు కవచకుండలాలు దానమిచ్చే కథ. ఆ రోజు పందిట్లో ఎవరు ఏమడిగినా లేదనకూడదని ఆ ఊళ్ళో ఒక మర్యాద. ఒకరు శేరు రాగులడుగుతారు, ఒకరు గుమ్మడిపాదు అడుగుతారు, అదో సరదా. కథ మధ్యలో గట్టు మీద నుంచి తిరుమలయ్య వచ్చాడు. చేతిలో డబ్బా ఉంది. మైనం పెట్టిన మూత, రీడు, అన్నీ ఉన్నాయి. కాంచన ముఖం తెల్లబోయింది. జనం వేడుక చూడడానికి సర్దుకుని కూచున్నారు.

తిరుమలయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆయన డబ్బాను తలపైకెత్తి చూపించాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి, నిజమైన నీళ్ళు.

"ఇన్నేండ్లు ఆ పెట్టె దండగ అనుకొన్నాను. నేనే తెలివితక్కువోణ్ణి. మా అల్లుడు దాంతో నీళ్ళకు కాపలా పెట్టినాడు. ఈ పొద్దు కర్ణుడి దినం. ఎవురికి కావల్లో అడగండబ్బా, మావోడు చేసిస్తాడు."

నలుగురు అడిగారు. మొదట అడిగింది భారతం జరిపించే పెద్ద ఆదికేశవులు. పందిరంతా చప్పట్లు కొట్టింది. కర్ణుడు తన ఒంటి మీది కవచం తాను కోసి ఇచ్చాడు. ఇక్కడ కోసేది ఒకరిది, ఇచ్చేది ఇంకొకరు. ఈ తేడా అక్కడున్న వంద మందిలో ఒక్కరికీ తోచలేదంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం మోటారు కొట్టంలో కాంచన నెమ్మదిగా అడిగింది. "లేదని చెప్పరాదా బావా?"

"ఇల్లటం వచ్చినోడికి లేదనే మాట యాడుంది కాంచనా?"

"నేను చెప్పనా?"

"మీ నాయన నన్ను మెచ్చుకున్నాడు. పదకొండేండ్లకు. దాని మింద ఏం చెప్తావు?"

అదీ నిజమే. తిట్టుకు ఎదురు తిరగవచ్చు, మెచ్చుకోలుకు ఎలా తిరగడం? అడిగిన నలుగురి బావులూ ఇళ్ళకు దూరం. కింది స్థాయి రీడ్లు అంత దూరం పలకవు, పై స్థాయివి కీచుమంటాయి. నడిమి స్థాయిలోంచే తీయాలి. పాట నడిచేదేమో ఆ స్థాయిలోనే. ఏ నాలుగు తీయాలి? మునిరత్నం పెట్టె తెరిచి చాలాసేపు కూచున్నాడు. రెండు మధ్యమాలు, రెండు నిషాదాలు తీసేశాడు. అవి పోయినా మోహన రాగం మిగులుతుంది.

నాలుగో రోజు నుంచి అంతా మోహనమే. అజ్ఞాతవాసానికీ రాయబారానికీ సరిపోయింది. అభిమన్యుడి చావు రాబోతుంటే భాగవతారు భయపడ్డాడు. అంత సంతోషంగా మోగే రాగంలో తల్లి ఎలా ఏడుస్తుంది? మునిరత్నం గాంధారాన్ని ఒక్క మెట్టు దించాడు. మోహనం శివరంజని అయింది. మ లేదు, ని లేదు, అక్కర్లేదు. ఆ మధ్యాహ్నం పందిట్లో ఏడవని ఆడది లేదు. ముసలి సుబ్బమ్మ అయితే కథ అయిపోయాక కూడా లేవలేదు. ఉన్న దానితో అంత చేయగలిగాడు. ఉన్నదంతా ఉంటే ఏం చేసేవాడో ఆ ఊరు ఎప్పటికీ తెలుసుకోలేదు.

భారతం ముగిసింది. డబ్బాల సంగతి మాత్రం ముగియలేదు. తిరుమలయ్యకు బంధువుల బావులు గుర్తొచ్చాయి. ఆయన ప్రతి ఇంటికీ వెళ్ళి గర్వంగా మాట ఇచ్చి వచ్చేవాడు. గాంధారాలు పోయాయి. రిషభాలు, ధైవతాలు పోయాయి. మరుసటి చిత్తిరలో భాగవతారు కబురు కూడా చేయకుండా నేరుగా వచ్చాడు. మునిరత్నం పెట్టె మూత ఎత్తి చూపించాడు. నడిమి స్థాయిలో స, ప మిగిలాయి. శ్రుతి వేస్తానన్నాడు. భాగవతారు ఆ పెట్టెలోకి తొంగిచూసి, చెప్పులు వేసుకుని బస్సుకు వెళ్ళిపోయాడు. తర్వాత ఆ రెండూ పోయాయి.

ఆ పైన మునిరత్నానికి మిగిలింది ఒక్కటే. కరెంటు వచ్చినప్పుడు ఊరి చుట్టూ బావుల దగ్గర డబ్బాలు ఒక్కొక్కటే పలికేవి. ఎవరికి వాళ్ళ కయ్య నిండిన సంగతే వినబడేది. కింద స, ఎక్కడో గ, దూరంగా ధ, ఇవన్నీ కలిసి ఒక పెట్టె అని తెలిసినవాడు అతనొక్కడే. కొట్టంలో కూచుని, పళ్ళు రాలిన పెట్టె మెట్ల మీద వేళ్ళు ఆడిస్తూ వినేవాడు. ఏ రోజు ఏ వరసలో పలుకుతాయో తెలియదు. అది అతని సొంతం. ఏ మామా అందులోంచి తీసి దానమివ్వలేడు.

1988 వేసవిలో తిరుమలయ్యకు చూపు మందగించింది. వసారాలో మంచం మీద పడుకుని పొలం వైపు చెవి పెట్టేవాడు. రెండో కయ్య డబ్బాలో ఇత్తడికి చిలుము పట్టి పంచమం దిగిపోయింది. వారం రోజులుగా మునిరత్నానికి తెలుసు. తెలిసే వదిలేశాడు. ఎవరికి తెలుస్తుంది, తనకు తప్ప? ఆ అపస్వరాన్ని దాచుకోవడంలో కూడా అతనికొక చిన్న స్వేచ్ఛ ఉండేది.

ఒక మధ్యాహ్నం అతను మడవ తిప్పి అన్నానికి ఇంటికి వచ్చి ఉండగా డబ్బాలు వరసగా పలికాయి. మంచం మీద నుంచి ముసలాయన పిలిచాడు.

"మునిరత్నం."

అతని చేతిలోని ముద్ద ఆగిపోయింది. వడ్డిస్తున్న కాంచన కూడా ఆగింది. పదిహేడేళ్ళలో మామ నోట ఆ పేరు రావడం అదే మొదలు.

"రెండోది సరిగ్గా పలకలా. ఎనిమిది దినాలుగా చూస్తా ఉండాను, రోజురోజుకీ దిగతా ఉండాది. మిగిలినోటితో కలవలేదబ్బా. చెవికి బాధగా ఉండాది. పోయి సరిచేసి రా."

మునిరత్నం చెయ్యి కడుక్కుని, ఆకురాయి తీసుకుని పొలానికి వెళ్ళాడు. రీడు ఊడదీసి, చిలుము గీకి, కొసను కొద్దిగా అరగదీసి, మళ్ళీ మైనం పెట్టి నీళ్ళు పోశాడు. పంచమం సూదిలా నిలబడింది. ఇంటి వైపు నుంచి, ఆ, ఇప్పుడు కలిసింది అని ముసలి గొంతు కేక వేసింది.

తన స్వరాన్ని వినే చెవి కోసం అతను ఇన్నేళ్ళు ఎదురు చూశాడు. అది దొరికింది. పెట్టెను పీకి పంచిపెట్టినవాడి తలకే దొరికింది. ఇకపై అతను తప్పు పలికించుకోవడానికి కూడా వీల్లేదు. మునిరత్నం మోటారు కొట్టంలోకి వెళ్ళి, ఆ బోసి పెట్టె మీద తల ఆనించి ఏడ్చాడు. సంతోషమూ ఉంది ఆ ఏడుపులో, అదే అతను ఓర్చుకోలేకపోయాడు.

ఇంతలో ఆదికేశవులు బావి వైపు నుంచి మధ్యమం పలికింది. మంచం మీది గొంతు మళ్ళీ పిలిచింది, పేరు పెట్టి, అదీ కాస్త చూసి రమ్మని.