అత్తమ్మ పాటకు వీడియో చేసిన పాపం

మా అత్తమ్మకూ పక్కింటి యాదమ్మకూ మాటలు బందవడానికి కారణం నేనేనని నాచారంలో ఇవాళ్టికీ అంటారు. ఎంత అన్యాయం! జరిగిన ఘోరం చెప్తాను, తీర్పు మీరే చెప్పండి.

నాకు పెళ్లయిన కొత్త. మామగారు ఫ్యాక్టరీలో రిటైరవుతున్నారని ఉప్పల్‌లో ఫంక్షన్ హాలు మాట్లాడారు. అత్తమ్మ ఆయన మీద సొంతంగా పాట కట్టి, ఫోన్లో పాడి రికార్డు చేసుకుంది.

"అల్లుడా, ఉత్త పాటేస్తే ఎవరింటరు? హాల్ల పెద్ద తెర ఉంటదట. మా ఇద్దరి ఫొటో పెట్టి వీడియో జెయ్యరాదు?"

"చిటికెలో పని అత్తమ్మా!" అన్నాను. కొత్త అల్లుడి నోటికి బ్రేకులుండవు.

ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకున్నాను. పాట ఇవ్వు, ఫొటో ఇవ్వు, బటన్ నొక్కు, అంతే. పాట సాగినంతసేపూ ఫొటోను మెల్లగా దగ్గరికి లాగే జూమ్ ఏర్పాటు కూడా ఉంది. దానికి ముందే టిక్కు పెట్టి ఉంది. నేను పెట్టలేదండీ, నేను వెళ్లేసరికే ఉంది! వీడియో మొదట్లో కాస్త చూశాను. అత్తామామలు వంటింటి గుమ్మానికి చెరో పక్క నిలబడి లక్షణంగా నవ్వుతున్నారు. ఉన్నది ఒక్క ఫొటో. చివరిదాకా చూడటానికి ఏముంటుంది చెప్పండి?

హాల్లో పాట మొదలైంది. మొదటి చరణానికి ఈలలు పడ్డాయి. రెండో చరణంలో మామగారి చెవి తెర బయటికి పోయింది. మూడో చరణానికి మామగారే పోయారు, అటువైపు అత్తమ్మా పోయింది. గుమ్మం మిగిలింది.

"ఏంది బావా, ఇల్లు అమ్మకానికి పెట్టినవా?" అన్నాడు నా బామ్మర్ది.

నేను ల్యాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తేలోపు వీడియో గుమ్మం దాటి వంటింట్లోకి దూరింది. అరలో బోర్లించిన పెద్ద స్టీలు గిన్నె తెర నిండా నిలిచింది. దాని మీద చెక్కిన పేరు గోడంత అయింది: కె. యాదమ్మ.

అత్తమ్మ గొంతు మాత్రం "ఒకరి సొమ్ముకు ఆశపడని దొరవయ్యో" అని పాడుతూనే ఉంది.

మొదటి వరుసలోంచి యాదమ్మ లేచింది. "గది నా బగోన! పోయినేడు బోనాలకు తీస్కపోయి, ఇచ్చిన్నంటివి గద!"

"ఇచ్చిన్ననే అనుకున్న యాదమ్మా!" అని అత్తమ్మ నా మీదికి తిరిగింది. "అల్లుడా, నిన్ను వీడియో జెయ్యమన్ననా, ఇల్లు సోదా జెయ్యమన్ననా?"

"ఫొటో మీరిచ్చిందే అత్తమ్మా! గిన్నె నేను పెట్టలేదు, పేరు నేను చెక్కలేదు!" అని అరిచాను. ఎవరు వింటారు? ఆ కంగారులో ఏదో నొక్కితే పాట ఆగిపోయింది, గిన్నె మాత్రం తెర మీద అలాగే ఉండిపోయింది.

వెనక వరుసలోంచి ఒక ముసలమ్మ చెయ్యెత్తింది. "బాబూ, జర గట్లనే ఉంచు. పక్కకున్న డబ్బ మీద ఎవరి పేరుందో సూస్త."

ఇంకో ముగ్గురు సంచుల్లోంచి కళ్లద్దాలు తీశారు.

ఆ క్షణమే, నిండు సభలో, నిటారుగా నిలబడి ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఎంతటివారు పాట తెచ్చి వీడియో చెయ్యమన్నా నా జవాబు ఒకటే: "కళ్లు మూసుకొని వినండి!"