పత్తి మేడ మీద నేను పెట్టిన సంతకం

2016 వానాకాలం. ప్రొద్దుటూరులో పాత బజారు నడిబొడ్డున ఉన్న పత్తి మేడను పరీక్షించే పని నాకు వచ్చింది. పాత భవనం నిలుస్తుందో లేదో చూసి కాగితం రాసివ్వడం నా వృత్తి. దాన్ని స్టెబిలిటీ రిపోర్టు అంటారు.

ఒక పత్తి వ్యాపారి తాతల కాలంలో కట్టించిన మేడ అది. నాపరాళ్లు, గానుగ సున్నం, టేకు దూలాలు. కింద వరసగా అంగళ్లు, పైన ఒకప్పుడు పత్తి బేరాలు సాగిన పెద్ద హాలు. వారసులకు దాన్ని కూల్చి కాంప్లెక్సు కట్టాలని ఉంది. వానలకు వెనక గోడ బీటలిచ్చేసరికి నన్ను పిలిపించారు.

రెండు రోజులు చూశాను. వెనకనున్న మురుగు కాలువ నీళ్లు పునాదిలోకి దిగి వెనక గోడ ఒక్కటే ఒరిగింది. మిగతాదంతా గట్టిగా ఉంది. మొదటి అంగడిలో బట్టలు కుట్టే మస్తాన్ మామ నా వెంటే తిరిగాడు.

“పడిపోతాదా సార్?”

“పడదు మామా. వెనక గోడ విప్పి కట్టుకుంటే చాలు.”

“ఆ మాటే రాయండి సార్. మా నాయనా నేనూ ఈడనే మిషన్ తొక్కినాం. ఈడ లేకుంటే మమ్మల్ని యాడ ఎతుక్కుంటారు జనం?”

ఆ వారమే జమ్మలమడుగులో ఒక పాత గోడ కూలి ఇద్దరికి దెబ్బలు తగిలాయి. అది బాగుందని రాసిచ్చిన ఇంజనీరును పోలీసులు పిలిచారని విన్నాను. నాకు భయం పట్టుకుంది. మొదటి పేజీలో ‘వాడకానికి సురక్షితం కాదు’ అని రాశాను. మరమ్మతు సంగతి మూడో పేజీలో పెట్టాను. వారసులు మొదటి పేజీ ఒక్కటే చూపించి కూల్చివేతకు అనుమతి తెచ్చుకున్నారు.

నోటీసు పట్టుకుని మస్తాన్ మామ మా ఇంటికొచ్చాడు. “ఇదేంది సార్? పడదంటిరి కదా!”

“మూడో పేజీలో రాశాను మామా.”

“మూడో పేజీ ఎవురు సూస్తారు సార్? మేం కోర్టుకు పోతాండాం. మీరొచ్చి ఆ మాట జడ్జి ముందర చెప్పండి, చాలు.”

“చూస్తాను” అన్నాను. వెళ్లలేదు. నా రిపోర్టును నేనే తప్పని చెబితే ఇక నాకు పని ఎవరిస్తారనిపించింది. అంగళ్లవాళ్ల కేసు నిలవలేదు.

కూల్చేరోజు వెనక గోడ మొదటి దెబ్బకే పడింది. ముందు గోడలకు నాలుగు రోజులు పట్టింది. మూడో రోజు జేసీబీ డ్రైవరు దిగి చెమట తుడుచుకుంటూ, నేనెవరో తెలియక నన్నే అడిగాడు. “శానా గట్టిగుంది సార్. ఇది పనికిరాదని రాసినోడెవడు?”

రోడ్డుకు అవతల మస్తాన్ మామ కుట్టుమిషను పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన నావైపు చూడలేదు.

వారసులు తమలో తాము గొడవపడ్డారు. ఆ స్థలంలో ఇప్పటికీ కంపచెట్లే. మస్తాన్ మామ పులివెందులలో కూతురి దగ్గర ఉంటూ ఒక రెడీమేడ్ దుకాణంలో ప్యాంట్ల అంచులు మడిచి కుడుతున్నాడని తెలిసింది. రెండుసార్లు ఆ వీధి దాకా వెళ్లి, ముఖం చూపలేక తిరిగొచ్చాను.

ఇప్పుడు ఏ రిపోర్టులోనైనా నిలబడే భాగమేదో మొదటి వాక్యంలోనే రాస్తున్నాను. అంత ధైర్యం వచ్చేసరికి, అది రాయదగ్గ మేడ ఆ బజారులో ఒక్కటీ మిగల్లేదు.