సున్నా ఎత్తు

మ్యాపులో ఏ గీతను ముగించబోయినా, ఆఫ్కే ముందుగా అరచేతిని బల్లకు కాస్త పైన చదునుగా నిలుపుతుంది, అక్కడిదాకా నీళ్లున్నట్టు. సముద్రం ఒడ్డున పల్లపు నేలైన ఫ్రీస్లాండ్‌లోని ఓ చిన్న పురపాలక కార్యాలయంలో పంతొమ్మిదేళ్లుగా గ్యాసు గొట్టాల దారులు గీస్తోంది. ఆ సాయంత్రం చెయ్యి అలా గాలిలోనే ఆగిపోయింది. మ్యాపులో తెగిపోయిన గొట్టపు గీతల కొసలను ఆమె మధ్యాహ్నం కంప్యూటరులో ఒక్క మీట నొక్కి కలిపించింది. పైనుంచి చూస్తే అతుకులు చక్కగా ఉన్నాయి. కానీ వాటి ఎత్తు తెలియక సాఫ్ట్‌వేర్ సున్నా వేసేసింది. కొండ ఊళ్లలో అయితే ఆ తప్పు చూడగానే దొరికేది. ఇక్కడ సున్నా అంటే సముద్రమట్టం, నేలకు మీటరు కింద. గొట్టం ఉండదగిన చోటే.

"సున్నాకి కూడా భయపడితే ఎలా తల్లీ? మన ఊరే సున్నా మీద కూర్చుంది," అని నవ్వాడు పక్క బల్ల రిన్సె.

"పాత కాగితం మ్యాపులో ఈ వీధి మలుపు దగ్గర గొట్టం మూరెడు లోతులోనే ఉందిరా. రేపు ఏడింటికి గుత్తేదారు మనుషులు నా మ్యాపులో మీటరు లోతని చూసి యంత్రంతో తవ్వేస్తారు."

రిన్సె వెంటనే ఫోను ఆమె ముందుకు జరిపాడు. గుత్తేదారు ఫోను ఎత్తలేదు. ఎన్ని సందేశాలు పెట్టినా జవాబు రాలేదు.

మర్నాడు ఆరింటికే ఆఫ్కే ఆ మలుపులో మోకాళ్ల మీద కూర్చుని, చిన్న తోటపారతో మట్టి కొంచెం కొంచెంగా తీసింది. మూరెడు లోతులో పసుపు గొట్టం కనబడింది. యంత్రం చప్పుడు దగ్గరైనా ఆమె లేవలేదు, గొట్టం మీద అరచెయ్యి చదునుగా ఆనించి అలాగే ఉంది.