ఖాళీ బుట్టల బండి

మా చిన్నప్పుడు బిలాస్‌పూర్ స్టేషన్లో బోర్డు చదువుకుని రైలెక్కేవాళ్ళని చూస్తే మాకు నవ్వొచ్చేది... రైల్వే క్వార్టర్ల పిల్లలం కదా, ఆ మాత్రం పొగరుండేది!

మాకు జనాన్ని చూస్తే చాలు. పొద్దున్నే విస్తరాకులు అమ్ముకుని ఖాళీ బుట్టలతో తిరిగెళ్ళేవాళ్ళు ఎక్కారంటే... అది అడవిలోకి పోయే కట్నీ లైను బండి. స్టీలు టిఫిన్లు, ఆఫీసు సంచులు... రాయ్‌పూర్ లోకల్. కిటికీ ఊచ ముట్టుకుంటే చేతికి బొగ్గు మసి అంటిందా... అకల్‌తరా, చాంపా వైపు.

ఈశ్వరికి ఇవేవీ తెలియవు. మా మేనత్త కూతురు, నాకంటే ఏడాది చిన్న. అత్త పోయాక పలాస నుంచి తెచ్చి మా ఇంట్లో ఉంచారు. వాళ్ళ నాన్న అకల్‌తరాలో రైళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. డ్యూటీలు చేసుకుంటూ ఆడపిల్లని ఒక్కడినీ పెంచలేనన్నాడు.

దానికి హిందీ అక్షరం ముక్క రాదు. అయినా ఏం... వచ్చిన వారానికే అమ్మ ముందు దానికి జడ వేసి, తరవాతే నాకు వేసేది. అమ్మ పక్కన నా పడక తీసేసి దాన్ని పడుకోబెట్టారు. తల్లి లేని పిల్లట! నాకు ఒళ్ళు మండిపోయేది. దాచడమెందుకు... కుళ్ళు, పచ్చి కుళ్ళు.

ఓ ఆదివారం వాళ్ళ నాన్న బదిలీ మీద చక్రధర్‌పూర్ వెళ్ళిపోతున్నాడు. మధ్యాహ్నం అకల్‌తరాలోనే రైలెక్కేస్తాడు, ఇటు రాడు. ఈలోగా ఒక్కసారి కూతుర్ని చూసుకుంటానని కబురు పెట్టాడు. మా నాన్న డ్యూటీలో ఉన్నారు. గంటలోపు ప్రయాణం, దిగితే ఎదురుగా తండ్రి ఉంటాడు. "నువ్వెళ్ళి దాన్ని బండెక్కించి రావే" అని అమ్మ దాని చేతికి జంతికల డబ్బా ఇచ్చింది.

స్టేషన్లో రెండు బళ్ళు నిలబడి ఉన్నాయి.

"ఏ బండి వదినా?" అంది నా చెయ్యి పట్టుకుని.

"అదిగో, ఖాళీ బుట్టలోళ్ళు ఎక్కుతున్నారు చూడు... అదే."

"నిజంగానేటి?"

"అచ్ఛా! నా మీద నమ్మకం లేదేటి నీకు?"

నమ్మింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది కూడా... నేనూ ఊపాను!

కట్నీ లైన్లో పెండ్రా రోడ్డు స్టేషను దాకా పోయింది పిచ్చిది. అక్కడెవరో టీసీ చూసి సాయంత్రం బండిలో వెనక్కి పంపాడు. జంతికల డబ్బా మూత కూడా తియ్యలేదు, నాన్న కోసమట. అమ్మ అడిగితే "నేనే తప్పెక్కీసినాను అత్తా" అంది. నా వంక చూడనైనా లేదు.

అకల్‌తరాలో ఆయన వచ్చిన ప్రతి బండిలో పెట్టెపెట్టెనీ వెతికి, చివరికి తన బండెక్కేశాడట. రెండు నెలలకి పచ్చకామెర్లతో చక్రధర్‌పూర్‌లోనే పోయాడు. కూతురు మళ్ళీ ఆయన్ని చూడలేదు.

నేను నోరు విప్పలేదు. పోనీ అమ్మ పక్కన పడకైనా దక్కిందా... అదీ లేదు.

మొన్న అకల్‌తరాలో పెళ్ళికని చాన్నాళ్ళకి బిలాస్‌పూర్‌లో దిగాను. స్టేషనంతా మారిపోయింది. బుట్టలు లేవు, మసీ లేదు, అందరి వీపుకీ ఒకటే రకం బ్యాగులు. ఏ బండి ఎటు పోతుందో నాకు అంతుపట్టలేదు. ఈశ్వరి ఇప్పుడు ఆ పక్కనే లాల్‌ఖదాన్‌లో ఉంటోంది. దానికి ఫోన్ చేశాను.

"ఒసే, అకల్‌తరా బండి ఏ ప్లాట్‌ఫారమే?"

 నవ్వింది...

"నేను చెప్తే ఎక్కుతావేటి వదినా?"

ఇన్నేళ్ళూ... దానికి తెలుసు.

మూడో నంబరని చెప్పింది. నేను మాత్రం ఇంకో ముగ్గుర్ని అడిగి గానీ ఎక్కలేదు. అది సరిగ్గానే చెప్పింది.

ఇప్పటి పిల్లలకి దారి ఫోనే చెప్పేస్తుంది. ఎవరినీ నమ్మక్కర్లేదు... అదృష్టవంతులు. మీరు ఎవరినైనా తప్పు బండి ఎక్కించారా? తీపి జ్ఞాపకాలు అందరూ రాస్తారు... ఇలాంటివీ రాయండి, చూద్దాం.