అమ్మ ఎంచిన హోటలు

పోయిన శనివారం పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోతూ కారు అద్దం దించితే, కాలిన వెదురు వాసన గుప్పున లోపలికొచ్చింది. రోడ్డు పక్కన నిప్పుల మీద వెదురు బొంగులు పేర్చి చికెన్ కాలుస్తున్నారు. వెనక సీట్లో నా కూతురూ కొడుకూ ఫోన్లో తలలు దూర్చి మధ్యాహ్నం ఎక్కడ తినాలో తేల్చుకోలేక కొట్టుకుంటున్నారు. ఒక హోటలుకు చుక్కలు తక్కువట, ఇంకోదాంట్లో ఏసీ లేదట, మూడోదాని బిర్యానీ ఫొటో నోరూరిస్తోంది కానీ కింద ఎవరో కోపంగా ఏదో రాశారట. నా పక్కన కూర్చున్న అమ్మ ఆ మాటలన్నీ వింటూ నవ్వుకుంటోంది. ఆ నవ్వెందుకో నాకు తెలుసు. ఇదే రోడ్డు మీద, ఇదే విషయం గురించి, మా చిన్నప్పుడు అమ్మకీ నాయనకీ ఏళ్ల తరబడి పంచాయితీ నడిచింది.

నాయన ఇల్లందులో బొగ్గుబాయి పని చేసేవాడు. వారమంతా భూమి లోపల గడిపే మనిషికి ఆదివారం ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దున్నే స్కూటరు తుడిచి, ముందు నన్ను నిలబెట్టుకుని, వెనక అమ్మనూ అమ్మ ఒళ్లో తమ్ముణ్నీ ఎక్కించుకుని, కొత్తగూడెం మీదుగా అడవి దారి పట్టేవాడు. ఎండలు ముదిరేముందు ఇప్పపూలు రాలి దారి పొడవునా తియ్యటి మత్తు వాసన వచ్చేది. వానల్లో టేకాకుల మీద చినుకుల చప్పుడు స్కూటరు చప్పుడును మించిపోయేది. వానలు వెనకబట్టాక కోయ ఆడవాళ్లు సీతాఫలాల గంపలు ముందు పెట్టుకుని తమ భాషలో కబుర్లాడుకుంటూ కూర్చునేవాళ్లు. మేం ఆగితే తెలుగులోకి మారి, కొన్నవి కాక ఇంకో రెండు పండ్లు తమ్ముడి చేతుల్లో పెట్టేవాళ్లు.

ఆ ప్రయాణాల్లో నాయన అసలు కోరిక హోటలు భోజనం. ఏ హోటలు మంచిదో కనిపెట్టడానికి ఆయనకు సొంత గుర్తులుండేవి. లారీలు బారులు తీరితే కూర బాగున్నట్టు. గల్లాపెట్టె దగ్గర అగరొత్తులు మరీ ఎక్కువ వెలిగితే లోపలి వాసనేదో దాస్తున్నట్టు. అయితే ఆ తెలివిని వాడుకునే అవకాశం అమ్మ ఇస్తే కదా. జొన్నరొట్టెలు, పల్లీల పొడి, మామిడికాయ తొక్కు, చింతపండు పులిహోర అన్నీ సంచిలో సర్దుకుని గాని ఆమె గడప దాటేది కాదు.

“ఒక్కసారన్న వేరేటోళ్లు వడ్డిస్తే వేడివేడిగ తినరాదే,” అనేవాడు నాయన.

“ఇంట్ల వండుకునే చేతుల్లేవా,” అనేది అమ్మ.

నాయన ఏ హోటలు ముందైనా స్కూటరు నెమ్మది చేస్తే అమ్మ ఆయన వీపులో వేలితో పొడిచేది. స్కూటరు మళ్లీ పరుగందుకునేది. వెనకబడిపోతున్న పూరీల వాసన కోసం నేనూ తమ్ముడూ మెడలు తిప్పి చూసేవాళ్లం. అమ్మది పిసినారితనమని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఆ నమ్మకం ఒక ఆదివారం కిన్నెరసాని కోతుల వల్ల పోయింది. ఆనకట్ట మీద నిలబడి నీళ్లు చూస్తుంటే ఒక పెద్ద కోతి స్కూటరుకు తగిలించిన సంచిని లాక్కుని చెట్టెక్కింది. నాయన చేతులూపి అరిచాడు, తమ్ముడు ఏడ్చాడు. అది కొమ్మ మీద తీరిగ్గా కూర్చుని, పులిహోర గిన్నె మూత తీసి, గుప్పిళ్లతో తిని, తొక్కు నాకి మొహం చిట్లించింది. ఏడుస్తున్న తమ్ముడు కూడా నవ్వేశాడు. నాయన తన సంతోషం దాచుకోలేక మొహం పక్కకు తిప్పుకుని, “ఇగ ఏం జేద్దాం మరి,” అన్నాడు.

మొదట లారీలు ఆగిన హోటలుకు తీసుకుపోయాడు. అమ్మ గుమ్మంలోనే ఆగి బోర్లించిన పళ్లాల దొంతర వైపు చూసింది. “తడి ఆరకుంటనే పేర్చిండ్రు. అడుగు పళ్లాలకు సబ్బు అట్లనే ఉంటది,” అని వెనక్కి తిరిగింది. రెండోచోట లోపలికైనా పోలేదు. “నూనె నిన్నటిది. వాసన తెలుస్తలేదా,” అంది. నాయన ఆశ్చర్యపోయి, “నీకెట్ల ఎరుక,” అని అడిగితే, తమ్ముణ్ని ఎత్తుకుని పోయి స్కూటరెక్కి కూర్చుంది.

మూడోది ఒక తాటాకుల పాక. బోర్డు లేదు, లారీ లేదు. పాక నడిపే నాగమ్మ అనే ఆవిడ తన ఇద్దరు పిల్లలకు పొయ్యి మీది పెద్ద గిన్నెలోంచే అన్నం పెడుతోంది. అమ్మ కాసేపు చూసి, “మనకు పెట్టే గంజులకెల్లే ఆమె పిల్లలకు పెడుతుంది. ఈడ తిందాం,” అంది.

బల్ల అంచున కొత్త చుట్టంలా కూర్చుంది అమ్మ. నాగమ్మ అన్నం గిన్నె తేగానే లేవబోయి, “ఇటియ్యి, నేను పెడ్త. నీ పిల్లల్ని చూసుకో,” అంది.

“ఇంట్ల రోజు పెడ్తనే ఉంటవ్ గదా అక్కా. కూసో,” అంది నాగమ్మ.

పొగలు కక్కే అన్నం మీద గోదావరి చేపల పులుసు, పక్కన పుల్లటి గోంగూర, వెల్లుల్లి ఘాటు తగిలే చారు. అమ్మ పళ్లెం ఖాళీ చేసింది. మళ్లీ పెట్టించుకున్నది. మూడోసారి తనే అడిగింది. మా పళ్లాల వైపు ఒక్కసారి కూడా చూడకుండా అమ్మ తినడం నేను చూడటం అదే మొదలు.

తిన్నాక నాలుగు పళ్లాలూ ఎత్తుకుని తొట్టి దగ్గరికి పోయి, వద్దంటున్నా వినకుండా కొబ్బరి పీచుతో తోమడం మొదలుపెట్టింది. ఆ చేతుల వేగం చూసి నాగమ్మ పక్కనే కూర్చుని మెల్లగా అడిగింది: “ఏ హోటల్ల జేసినవ్ అక్కా?”

“మా ఊరి బస్టాండు కాడ. పెండ్లికి ముంగట ఆరేండ్లు. ముందటి బల్ల మీద ఒక్కనాడు కూసోలే. మిగిలింది ఎనక గుమ్మంల నిలబడి తినేది.”

చేతులు కడుక్కోవడానికి వచ్చిన నాయన ఆ మాట విన్నాడు. ఆయనకూ అది తెలియదు. ఆదివారం చొక్కా చేతులు పైకి మడిచి, తొట్టి ముందు గొంతుక్కూర్చుని అమ్మ చేతిలోని పళ్లెం తీసుకున్నాడు.

“నువ్వు పోయి ముందట కూసో,” అన్నాడు.

ఆయన తోమిన పళ్లాన్ని నాగమ్మ వెలుతురులోకి ఎత్తి చూసి, జిడ్డు పోలేదని తిరిగి ఇచ్చింది. అలా రెండుసార్లు. బల్ల మీద కూర్చున్న అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

ఆ తర్వాత సద్ది సంచి ఇంట్లోనే ఉండిపోయింది. ప్రతి ఆదివారం హోటలు ఎంచే పని అమ్మది, వెనక నడవడం నాయనది. అమ్మ అంచనా కూడా అప్పుడప్పుడు తప్పేది. భద్రాచలంలో ఒకసారి ఆమె ఎంచిన హోటలు కారానికి మా నలుగురి కళ్లల్లో నీళ్లు కారాయి. నాయన మాత్రం మజ్జిగ మీద మజ్జిగ తాగుతూనే, బాగుంది బాగుంది అన్నాడు.

నాయన పోయి నాలుగేళ్లయింది. మొన్నటి శనివారం ఆ పాక ఉన్నచోట కారు ఆపాను. రోడ్డు వెడల్పయింది, పాకలన్నీ పోయాయి, వాటి చోట అద్దాల హోటళ్లు వచ్చాయి. వాటిలో వంట ఎవరు చేస్తారో, వాళ్ల పిల్లలు ఏం తింటారో బయటికి కనబడదు. పక్కనున్న రెండు దుకాణాల్లో అడిగాను; నాగమ్మ ఎవరో వాళ్లకు తెలియదు. తిరిగొచ్చి దిగులుగా ఆ మాటే చెప్పాను.

అమ్మ కొంచెంసేపు ఆ అద్దాల వైపు చూసింది.

“ఆమె పిల్లలు పెద్దోళ్లయి ఉంటరు,” అంది. “ఇప్పుడు ఆమెను కూసోబెట్టి వాళ్లే పెడుతుంటరు.”