కూర్మయ్య, పెట్రోలు ముల్లు

సాలూరు లారీ స్టాండులో కూర్మయ్యను ఎరగనివాడు లేడు. పదిహేనో ఏట క్లీనరుగా చేరి, ఇరవై నిండకుండానే స్టీరింగు పట్టి, ఆ తరవాత పంతొమ్మిదేళ్లుగా నరసింగరావు నాయుడుగారి కారునే అంటిపెట్టుకున్న మనిషి. ఆ కారు నాయుడుగారి తండ్రి ఏనాడో ఓ దొర దగ్గర కొన్న విలాయతీ బండి. దానికి చేసిన సేవలో సగం సొంత పిల్లలకు చేసినా బాగుపడేవారని భార్య దాలమ్మ దెప్పుతూండేది. అందులో అబద్ధమేమీ లేదు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది దసరాకి కూర్మయ్య సేవ మరీ శ్రుతి మించింది. ఆయుధపూజకని లారీలవాళ్లంతా బండ్లకు రంగులు వేయిస్తారు. పైపైన వేయిస్తారు. కూర్మయ్య అలా ఊరుకునే రకమా! పెట్రోలు ట్యాంకు దింపి, తుప్పు గీకి, ఎర్రరంగు దట్టంగా రెండు పూతలు పూశాడు. గతుకుల్లో ఒరుసుకుపోకుండా, ట్యాంకును పట్టి ఉంచే ఇనప పట్టీల కింద సైకిలు ట్యూబు ముక్కలు పరిచి బిగించాడు. బోల్టుల తలలకు కూడా రంగేసి, కారు కింద పడుకుని చూసుకుని మురిసిపోయాడు, పిచ్చి మారాజు.

పూజ అయిన మర్నాటినుంచి డాష్‌బోర్డులో పెట్రోలు ముల్లు పడకేసింది. ట్యాంకు నిండా పోసినా సున్నా మీదే. పెట్రోలు పోసే గొట్టం వంకర కాబట్టి పుల్ల ముంచి చూసే వీలూ లేదు. ఎన్ని మైళ్లు తిరిగిందో మనసులో లెక్కేసుకుంటూ నడిపాడు. పదోరోజున ఆ లెక్క తప్పింది. పాచిపెంట దాటి కొండ ఘాటీ ఎక్కబోతూంటే బండి ఆగిపోయింది. వెనక సీట్లో నాయుడుగారు, పక్కన కొత్త వియ్యంకుడు. ఇద్దరూ ఎడ్లబండి మీద సాలూరు చేరారు.

"లారీల కాడ పెరిగినోడు గదా బావా, పెట్రోలు ఎటెల్తన్నాదో ఓపాలి సూసుకో" అన్నాడు వియ్యంకుడు, కూర్మయ్య వింటూండగానే.

నాయుడుగారు కాదనలేదు. కూర్మయ్యకు తల కొట్టేసినట్టయింది.

"బాబూ, నాను దొంగనా? మీ నోటితో సెప్పండి" అన్నాడు ఆ సాయంత్రం.

"దొంగవని నానన్నానేటిరా? ముందు ఆ ముల్లు బాగుసెయ్యి. సోమారం నాటికి అది లెగకపోతే..." అని ఆగిపోయారు నాయుడుగారు.

అనకుండా మింగేసిన ఆ మాట కూర్మయ్యకు అన్నం దిగనివ్వలేదు. ఆదివారం తెల్లారగానే కారుని బావమరిది సోములు బ్యాటరీ షాపు ముందు పెట్టాడు. లారీల కరెంటు పనిలో సోములుది మంచి చెయ్యి. అతను ట్యాంకు దగ్గర వైరు విప్పి, దాని కొస కారు కింది ఇనుముకు ముట్టించాడు. ముల్లు లేచి నిండు మీదికి పోయింది.

"మీటరు బాగున్నాది, వైరు బాగున్నాది. రోగం ట్యాంకులో ఉన్నాది బావా."

ట్యాంకులో పెట్రోలు మీద తేలే ఫ్లోటును బయటికి తీశారు. వైరు తగిలించి, రంగులేని బంపరుకు ఆనించి పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే ముల్లు బుద్ధిగా లేచింది, దిగింది. మళ్లీ ట్యాంకులో బిగించారు. సున్నా! తీశారు, లేచింది. బిగించారు, పడుకుంది. మూడుసార్లు ఇదే తంతు. పెట్రోలు వాసనకు తల దిమ్మెక్కి, వేళ్లు కొట్టుకుపోయి, కూర్మయ్య మీటరు అద్దం మీద చరిచాడు. దానికి చీమ కుట్టినట్టయినా లేదు.

"బయట ఆడతాది, లోపల సస్తాది. ఇదేటి మాయదారి బండిరా!" అని అరిచాడు. "పంతొమ్మిదేళ్లు కడిగినాను, తుడిసినాను. నన్ను దొంగని సేస్తాదా ఇది!"

సోములు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒగ్గీ బావా. ముల్లుని సగంమీద అతికించీసి ఇచ్చీద్దాం. ఆయనకేటి తెలుస్తాది?"

"ఆ పని సేస్తే నిజింగానే దొంగనయిపోతాను గదరా, ఎదవా!"

ఆ కోపంతోనే రెంచీ పట్టుకుని కారు కిందికి దూరాడు. ట్యాంకు అంతా విప్పి పారేద్దామనే పట్టుదలతో ముందు ట్యాంకు అడుగున పెట్రోలు వదిలే బోల్టును కసిగా తిప్పుతూంటే రంగు చెక్కు లేచింది. రెంచీ జారి ఒక కొస ఆ బోల్టుకూ, రెండో కొస కారు అడుగు ఇనుముకూ తగిలింది.

"లెగిసింది బావా!" అని సీట్లో కూచుని మీటరు చూస్తున్న సోములు కేకేశాడు.

రెంచీ తీస్తే పడింది. పెడితే లేచింది. ఆ ట్యాంకు కారులో ఉంది గానీ కారుకు ఎక్కడా తగలడంలేదు. చుట్టూ రంగు, కింద రబ్బరు. మీటరులోంచి ట్యాంకుకొచ్చిన కరెంటు కారు ఇనుములోకి తిరిగిపోతేనే ముల్లు లేస్తుంది; బయట బంపరు ఇచ్చిన ఆ దారి ఇక్కడ లేదు.

"ఇంత రంగు ఏ దద్దమ్మ పూసినాడ్రా!" అన్నాడు సోములు, కిందికి వంగి.

కూర్మయ్య వెల్లకిలా పడుకునే ఉన్నాడు. తన్నుకొచ్చిన కోపం ఇక ఎవరిమీద చూపించాలో తెలియలేదు. ఆకురాయి అందుకుని, తను పూసిన రంగును తనే గీకి, ట్యాంకుకూ కారుకూ కలిపి ఓ రాగి తీగ కట్టాడు. ముల్లు సగానికి వచ్చి నిలబడింది.

సోమవారం పొద్దున్నే నాయుడుగారు చూశారు. జరిగినదంతా దాచకుండా చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు కూర్మయ్య. నువ్వు దొంగవి కావురా అన్న ఒక్క మాట కోసం నిలబడ్డాడు.

"మంచిదయ్యిందిరా" అన్నారాయన. "ఇంక ఎవుళినీ అడగక్కర్నేదు."

అంతకుముందు పంతొమ్మిదేళ్లలో ఆయన ఆ మీటరు వంక చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు బండి బయల్దేరేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి కిటికీలోకి వంగి చూసి వెళ్తారు. కూర్మయ్య తలుపు పట్టుకుని పక్కనే నిలబడతాడు. ఎంత పోశాడో, ఎంత అయిందో చుక్క తేడా లేకుండా చెప్పగలడు. నోటిదాకా వస్తుంది కూడా. ఆయన అడగరు.