రణపాలకు నీళ్లెక్కువైన ఎండాకాలం

మా మామగారికి మూత్రంలో రాయి ఉండేది. నొప్పి వచ్చిన రోజు మంచంకోడు పట్టుకొని లేచేవారు. నారాయణఖేడ్‌లో మా గోడ పక్కింటి ముస్లిం ముసలామెను నేను ఖాలా, అంటే పిన్నమ్మా, అని పిలిచేదాన్ని. రోజూ పరగడుపున ఒక రణపాల ఆకు నమిలితే నొప్పి తగ్గుతుందని చెప్పి, ఆమె తన పెరట్లోంచి ఐదు మొక్కలు తవ్వి ఇచ్చింది. అప్పటికే ఎండలు ముదిరాయి. వాటిని మా పెరట్లో నాటి, వానలు పడేదాకా బతికించే పని నాకు అప్పగించారు.

మా ఇంట్లో దేవుడికి అభిషేకం చేసిన నీళ్లు కాలికి తగిలే చోట పారబోయరు, చెట్టు మొదట్లో పోస్తారు. అంతకుముందు వాటిని తులసికీ మల్లెకూ పోసేదాన్ని. మామగారి నొప్పి తగ్గాలని ఆ ఏడు అన్నీ రణపాలకే పోశాను. ఎండ చూసి సాయంత్రం ఇంకో చెంబు. పోస్తూ నామం చెప్పుకునేదాన్ని.

పది రోజులకు ఆకులు పసుపుబారాయి. నీళ్లు చాలలేదనుకొని ఇంకా పోశాను. రెండు మొక్కలు మొదళ్లు నల్లబడి, పట్టుకుంటే చేతికి వచ్చాయి.

అత్తగారు చూశారు. "దూరమున్నప్పుడు వీటి దిక్కు పోయినవా ఏంది? గాలి సోకింది."

నెలలో ఆ మూడు రోజులు ఆడవాళ్లు దగ్గరికి వెళితే మొక్కలు మాడిపోతాయని మా ఇంటి నమ్మకం.

"నేను పోలేదత్తమ్మా."

"మరి దయ్యం పోయిందా? ముసలాయనకు రేపు ఏమిస్తవ్, మన్ను ఇస్తవా?"

ఆ వారమే నేను దూరం కూర్చున్నాను. కొట్టం పక్క వసారాలో నా చాప. అక్కడి నుంచి మిగిలిన మూడు మొక్కలూ కనిపించేవి. మోకాళ్ల నొప్పులతో అత్తగారు చెంబు మోసుకొని పెరట్లోకి రాలేక, అభిషేకం నీళ్లు వాకిట్లో తులసికే పోశారు. రణపాలకు చుక్క లేదు. అవి ఇక దక్కవని అనుకున్నాను.

నాలుగో రోజు తలస్నానం చేసి వెళ్లి చూస్తే మట్టి పొడిగా ఉంది, ఆకులు బిర్రుగా ఉన్నాయి. ఒకదానికి నడుమ చిగురు.

కర్ర పట్టుకొని నా వెనకే వచ్చిన అత్తగారు, "చూసినవా? నువ్వు దూరముంటెనే మంచిగున్నయ్" అన్నారు.

గోడ అవతల నుంచి ఖాలా అందుకుంది. "పిల్లనేమంటవ్ అక్కా? చెంబులకు చెంబులు పోస్తుంటె చూస్తనే ఉన్న. ఆకుల నిండ నీళ్లు దాచుకున్న చెట్టది. కడుపు నిండినోనికి మళ్ల విస్తరేస్తె ఏమైతడు?"

"ముందే చెప్పకపోయినవా ఖాలా?"

"మీ దేవుని నీళ్లాయె బేటీ. పొయ్యద్దని నేనెట్ల అంట?"

ఆ రోజు నుంచి దేవుడి నీళ్లు మళ్లీ తులసికీ మల్లెకూ పోశాను. రణపాలకు మాత్రం వారానికొకసారి, ఐతారం నాడు, చిన్న గిన్నెడు. రోజూ వాటి పక్కనే కూర్చొని జొన్నల్లో రాళ్లు ఏరేదాన్ని. మూడు మొక్కలూ గుబురు కట్టాయి. ఆకు గుణమో, దేవుడి దయో, ఆ ఎండల్లో మామగారు మళ్లీ మంచంకోడు పట్టుకొని లేవలేదు. దేవుడికీ, ఖాలాకూ మనసులోనే దండం పెట్టుకున్నాను.

మరుసటి నెల నేను వసారాలో ఉండగా అత్తగారు చెంబుతో మెల్లగా పెరట్లోకి వచ్చారు. మొక్కల దగ్గర ఆగి, నా వైపు చూడకుండానే అడిగారు.

"ఇయ్యాల పొయ్యాల్నా, వద్దా?"

"ఐతారం దాకా వద్దత్తమ్మా."

ఒక ఆకు తెంపుకొని, నిండు చెంబుతో అట్లాగే లోపలికి వెళ్లారు.